చిన్న అలలకి ఏ సర్ఫ్‌బోర్డు? కొలతలు, టెయిల్ ఆకారం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

సర్ఫింగ్ చేసే చాలామందికి ఏడాదిలో ఎక్కువ రోజులు దొరికేవి మోకాలి ఎత్తు, నడుము ఎత్తు అలలే. వీడియోల్లో, పోటీల్లో కనిపించే సన్నటి పొట్టి బోర్డులేమో (షార్ట్‌బోర్డులంటారు) తలకి మించిన అలల కోసం చేసినవి. అలాంటి బోర్డు కొనుక్కుని, మెత్తటి అలల్లో అడుగు కూడా ముందుకి కదలక, "ఇది నా వల్ల కాదు" అని వదిలేసినవాళ్ళు ఎంతోమంది. నాకది నిజంగా బాధ కలిగించే విషయం. ఎందుకంటే సరైన బోర్డు ఉంటే చిన్న అల కూడా గొప్ప ఆనందాన్నిస్తుంది. అందుకే ఎక్కువగా వచ్చే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను.

చిన్న అల అంటే ఎంత ఎత్తు?

నిలబడ్డ మనిషికి మోకాలి నుంచి నడుము పైదాకా అనుకోండి, అంటే సుమారు 1 నుంచి 3 అడుగులు. అయితే ఎత్తు చూసి ఊరుకుంటే సరిపోదు. ఒక అలకీ తర్వాతి అలకీ మధ్య 12, 14 సెకన్లు పడుతోందంటే అది ఎంతో దూరం నుంచి ప్రయాణించి వచ్చింది, రెండడుగులే ఉన్నా గట్టిగా తోస్తుంది. ఆరేడు సెకన్లకొకటి వచ్చేది దగ్గర్లో వీచిన గాలికి పుట్టింది, ఎత్తు అంతే ఉన్నా అందులో బలం ఉండదు. అడుగున నేల ఎలా ఉందన్నది కూడా ముఖ్యమే. లోతు మెల్లగా తగ్గుతూ వస్తే అల పైనుంచి నురగ కారుస్తూ నిదానంగా విరుగుతుంది, లోతు ఒక్కసారిగా తగ్గితే చిన్న అల కూడా నిలువుగా లేచి ధబ్బున పడుతుంది. ఇక్కడ చెప్పేది ఎక్కువగా మొదటి రకం గురించి, అంటే మెత్తగా, వాలు తక్కువగా ఉండే అలల గురించి.

మామూలు షార్ట్‌బోర్డు చిన్న అలల్లో ఎందుకు ఆగిపోతుంది?

అల ఎత్తు సగమైతే అందులోని శక్తి నాలుగో వంతుకి పడిపోతుంది. శక్తి ఎత్తు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి అంత తేడా. వేగం కూడా తగ్గుతుంది. 60 సెంటీమీటర్ల అల విరిగే చోట గంటకి సుమారు 10 కిలోమీటర్ల వేగంతో వస్తుంది, రెండు మీటర్ల అలైతే 18 దగ్గర ఉంటుంది. బోర్డు నీళ్ళని చీల్చుకుంటూ, తోసుకుంటూ వెళ్ళే స్థితి నుంచి నీటి ఉపరితలం మీద జారే స్థితికి రావాలి, దీన్నే ప్లేనింగ్ అంటారు. పెద్ద అల తన వేగంతోనే బోర్డుని ఆ స్థితికి లేపేస్తుంది. చిన్న అలకి ఆ సత్తా లేదు, ఆ లోటుని బోర్డు ఆకారం పూడ్చాలి.

ఇది కళ్ళారా చూడొచ్చు కూడా. ఎవరైనా బాగా వంపు తిరిగిన సన్న బోర్డు మీద మెత్తటి అల పట్టుకున్నప్పుడు పక్క నుంచి గమనించండి. లేచి నిలబడగానే టెయిల్, అంటే బోర్డు వెనక కొస, నీళ్ళలోకి కూరుకుపోతుంది, నోస్, అంటే ముందు కొస, గాల్లోకి లేస్తుంది, బోర్డు మధ్య భాగం ముందు చిన్న నీటి గుట్ట ఒకటి పేరుకుంటుంది. ఆ గుట్టని ఎక్కి దాటలేక బోర్డు ఒకట్రెండు క్షణాలు తటపటాయిస్తుంది, ఈలోగా అల కిందనుంచి వెళ్ళిపోతుంది. చిన్న అలల బోర్డులో వెడల్పు, చదును, టెయిల్ ఇవన్నీ ఆ గుట్టని త్వరగా దాటించడానికే.

బోర్డు మీద రాసి ఉండే అంకెలకి అర్థమేంటి?

వరసగా పొడవు, వెడల్పు, మందం, ఆ తర్వాత లీటర్లలో వాల్యూమ్ (ఘనపరిమాణం). పొడవు అడుగులు, అంగుళాల్లో, మిగతా రెండూ అంగుళాల్లో ఉంటాయి. వెడల్పు అంటే బోర్డు అన్నిటికన్నా వెడల్పుగా ఉన్న చోట తీసిన కొలత, మందం అంటే అన్నిటికన్నా మందంగా ఉన్న చోటిది.

అసలు చిక్కంతా ఇక్కడే. చిన్న అలలకి కావలసిన ముఖ్యమైన సంగతులు మూడు ఆ అంకెల్లో ఉండవు: రాకర్ (పక్క నుంచి చూస్తే కనిపించే వంపు) ఎంత, టెయిల్ వెడల్పు ఎంత, అడుగున కాంకేవ్ (లోపలికి ఉన్న గుంట) ఎలా ఉంది. అవి షేపర్ని, అంటే బోర్డు తయారుచేసేవాళ్ళని, అడిగి తెలుసుకోవాలి, లేదా బోర్డు చేతిలోకి తీసుకుని చూసుకోవాలి. టెయిల్ వెడల్పుని చివర నుంచి 12 అంగుళాల దగ్గర కొలుస్తారు, నోస్ వెడల్పునీ అలాగే. నన్నడిగితే టెయిల్ పేరు తెలుసుకునే ముందు ఈ ఒక్క అంకె తెలుసుకోండి అంటాను.

పొడవు ఎంత తగ్గించాలి?

ఇప్పుడు బాగా అలవాటైన షార్ట్‌బోర్డు కన్నా 2 నుంచి 5 అంగుళాలు తక్కువ, అదీ వెడల్పు పెంచుకుంటేనే. పొడవు తగ్గించేది తిప్పడం సులువు కావడానికి. చిన్న అలలో వంపులు దగ్గరదగ్గరగా ఉంటాయి, పొడుగాటి బోర్డు వాటిలో ఇమడదు, నోస్ నీళ్ళకి తగులుతుంది. వెడల్పు, రాకర్ మార్చకుండా ఉత్తినే పొట్టి బోర్డు కొంటే మాత్రం పాడిల్ (బోర్డు మీద పడుకుని చేతులతో నీళ్ళు తోసుకుంటూ వెళ్ళడం) కష్టమవుతుంది, అల అందదు, ఇది చాలా ఎక్కువగా జరిగే పొరపాటు. షార్ట్‌బోర్డు ఇంకా అలవాటు కాలేదంటే అసలు పొడవు తగ్గించకండి.

వెడల్పు?

సగటు శరీరం ఉన్నవాళ్ళ మామూలు షార్ట్‌బోర్డు 18.5 నుంచి 19.5 అంగుళాల మధ్య ఉంటుంది. చిన్న అలలకి 19.75 నుంచి 21.5 దాకా వెళ్ళొచ్చు. బరువు ఎక్కువున్నవాళ్ళు 22 కూడా వాడతారు.

నీటి మీద ఆనుకునే చోటు పెరిగితే తక్కువ వేగంలోనే బోర్డు పైకి తేలి జారడం మొదలుపెడుతుంది, వెడల్పు చేసే పని అది. నిలకడ కూడా వస్తుంది. ఇందులో నష్టం లేకపోలేదు: ఒక రైల్ (బోర్డు పక్క అంచు) మీద నుంచి ఇంకో రైల్ మీదకి బరువు మార్చడానికి ఎక్కువ సమయం పడుతుంది, పాదాలు చిన్నవైతే మడమలూ మునివేళ్ళూ అంచు దాకా అందక టర్న్ బద్ధకంగా వస్తుంది. సన్నగా, 55 కిలోలు ఉన్నవాళ్ళకి 21 అంగుళాల బోర్డు మొండికేస్తుంది. కాబట్టి వెడల్పు ఎంత పెరిగితే అంత మంచిదనుకోవద్దు.

ఆ వెడల్పు ఎక్కడ ఉందన్నది కూడా చూడాలి. వెడల్పైన చోటు మధ్య కన్నా ముందుకి ఉంటే బోర్డు సులువుగా అల పడుతుంది, నేరుగా పరుగెడుతుంది. వెనక్కి ఉంటే వెనక కాలితో తిప్పేవాళ్ళకి హాయిగా ఉంటుంది.

మందం, రైల్ సంగతి?

2.4 నుంచి 2.7 అంగుళాల మధ్య చాలామందికి సరిపోతుంది. అదే మందాన్ని రెండు రకాలుగా పంచొచ్చు. మధ్యలో ఉబ్బుగా పెట్టి అంచులు పలచగా చేస్తే రైల్ నీళ్ళలోకి తేలిగ్గా దిగుతుంది. పైభాగం చదునుగా ఉంచి అంచుల దాకా లోపలి ఫోమ్ ఉంచితే రైల్ లావుగా ఉంటుంది, తేలుడు బాగుంటుంది కానీ మునగనంటుంది. చిన్న అలల్లో రైల్‌ని లోతుగా ముంచే బలం అలకి లేదు కాబట్టి కాస్త లావు రైల్ పర్వాలేదు. వెనక మూడో వంతులో మాత్రం అడుగు అంచు పదునుగా ఉండాలి. బొటనవేలు పెట్టి నోస్ వైపు నుంచి టెయిల్ దాకా అంచు వెంబడి రాసి చూడండి, ముందు గుండ్రంగా, మెత్తగా తగిలి, ఫిన్ల (వెనక అడుగున ఉండే చిన్న రెక్కల) దగ్గరికి వచ్చేసరికి గీసినట్టు కోసుగా తగలాలి. ఆ కోసు అంచు నుంచే నీళ్ళు తెగి విడిపోతాయి. అది గుండ్రంగా ఉంటే నీళ్ళు అంచు చుట్టూ అంటుకుని పైకి పాకి, బోర్డుని వెనక్కి లాగుతాయి.

నా బరువుకి ఎన్ని లీటర్లు కావాలి?

ముందు మీకు బాగా అలవాటైన బోర్డు లీటర్లు చూసుకుని, చిన్న అలల బోర్డుకి 2 నుంచి 4 లీటర్లు కలపండి. ఇంతకన్నా నమ్మదగ్గ లెక్క లేదు.

అలాంటి బోర్డు లేకపోతే బరువుని బట్టి అంచనా వేయాలి. క్రమం తప్పకుండా సర్ఫ్ చేస్తూ టర్న్‌లు బాగా వచ్చినవాళ్ళు కిలోకి 0.36 నుంచి 0.40 లీటర్లు, మధ్యస్థంగా ఉన్నవాళ్ళు 0.42 నుంచి 0.55, నేర్చుకుంటున్నవాళ్ళు 0.7 ఆపైన. ఇది మామూలు బోర్డు లెక్క, చిన్న అలల కోసం దానికి పైన చెప్పిన 2 నుంచి 4 లీటర్లు కలపాలి. 75 కిలోల మధ్యస్థ సర్ఫర్‌కి రోజువారీ బోర్డు 32 లీటర్లనుకుంటే చిన్న అలలకి 34, 35 దగ్గరకి వస్తుంది. వయసు పెరిగినా, నెలకోసారే నీళ్ళలోకి దిగుతున్నా, చలి నీళ్ళలో మందపాటి వెట్‌సూట్ వేసుకున్నా ఇంకాస్త పెంచాలి.

ఇద్దరి బోర్డులూ 34 లీటర్లే, ఒకటి దూసుకుపోతోంది, ఇంకోటి కదలట్లేదు. ఎందుకు?

లీటర్లు బోర్డు ఎంత తేలుతుందో చెప్తాయి, నిలబడ్డాక ఎలా జారుతుందో చెప్పవు. ఒక్కసారి ఈ లెక్క చూడండి. 6 అడుగుల 1 అంగుళం పొడవు, 19.25 వెడల్పు, 2.5 మందం ఉన్న షార్ట్‌బోర్డు తీసుకుని మూడింటినీ అంగుళాల్లో గుణిస్తే సుమారు 3,513 వస్తుంది. 5 అడుగుల 9 అంగుళాలు, 20.5, 2.5 ఉన్న చిన్న అలల బోర్డుకి 3,536. దాదాపు ఒకటే. అయినా రెండో దాంట్లో ఒకట్రెండు లీటర్లు ఎక్కువే ఉంటాయి, ఎందుకంటే దాని నోస్, టెయిల్ రెండూ నిండుగా ఉంటాయి, మొదటిది కొనల దగ్గర సన్నబడిపోతుంది. పడుకుని పాడిల్ చేసేటప్పుడు మొత్తం లీటర్లన్నీ మీకు పనికొస్తాయి. నిలబడ్డాక మాత్రం పాదాల కింద, అందులోనూ వెనక పాదం కింద ఎంత చోటుందన్నదే లెక్క. అందుకే టెయిల్ వెడల్పు గురించి అంత పట్టుబట్టి చెప్తున్నాను.

రాకర్ అంటే ఏమిటి, ఎంత ఉండాలి?

బోర్డుని పక్క నుంచి చూస్తే కనిపించే వంపు రాకర్. నోస్ వైపు, టెయిల్ వైపు పైకి లేచి ఉంటుంది. నిలువుగా లేచే పెద్ద అలలో నోస్ గుచ్చుకోకుండా వంపు కాపాడుతుంది. మెత్తటి అలలో అదే వంపు బ్రేకులా పనిచేస్తుంది, నీళ్ళని ముందుకి తోసి ఇందాక చెప్పిన గుట్టని తయారుచేస్తుంది.

మామూలు షార్ట్‌బోర్డులో నోస్ దగ్గర సుమారు 5 అంగుళాలు, టెయిల్ దగ్గర 2.25 నుంచి 2.5 అంగుళాల వంపు ఉంటుంది. చిన్న అలల బోర్డులో నోస్ 4 నుంచి 4.5, టెయిల్ 2 అంగుళాలు, అంతకన్నా తక్కువ కూడా ఉండొచ్చు. చూడటానికి అర అంగుళం తేడానే, కాళ్ళ కింద తెలిసే తేడా మాత్రం అంతింత కాదు.

ఇంట్లో కొలవాలంటే బోర్డుని బోర్లా పెట్టి, అంటే ఫిన్లు పైకి వచ్చేలా పెట్టి, ఫిన్లు తీసేసి, మధ్యగీత వెంబడి ఒక తిన్నటి పొడవాటి కర్ర ఆనించండి. సరిగ్గా మధ్యలో తగిలేలా పెట్టి, రెండు చివర్లా కర్రకీ బోర్డుకీ మధ్య ఎంత ఖాళీ ఉందో స్కేలుతో చూడండి. మధ్యలో కర్ర ఎంత దూరం పాటు ఆని ఉందో కూడా గమనించండి, చిన్న అలల్లో మీ వేగమంతా ఆ చదును భాగం నుంచే వస్తుంది.

మరీ చదునుగా ఉన్నా ఇబ్బందే. టెయిల్ పూర్తిగా చదునైతే బోర్డు గీసిన గీతలో పోతుంది కానీ నిలువుగా పైకి తిప్పబోతే తిరగదు. అందుకే చాలామంది షేపర్లు మధ్యలో చదునుగా ఉంచి, చివరి 12 అంగుళాల్లో కాస్త వంపు ఇస్తారు. ముందు కాలి మీద బరువు వేస్తే వేగం, వెనక కాలి మీద వేస్తే మలుపు. నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా తెలివైన అమరిక.

అడుగు భాగంలో కాంకేవ్ అవసరమా?

తక్కువ లోతున్న సింగిల్ కాంకేవ్ (ఒకే గుంట), వెనక్కి వెళ్ళేసరికి డబుల్ (పక్కపక్కన రెండు గుంటలు) అయ్యేది, చాలా అలలకి సరిపోతుంది. సింగిల్ కాంకేవ్ నీళ్ళని మధ్యలో పోగుచేసి బోర్డుని పైకి లేపుతుంది, మధ్యగీత దగ్గర రాకర్‌ని కూడా తగ్గిస్తుంది. డబుల్ అయితే రైల్ నుంచి రైల్‌కి మారడం సులువవుతుంది. వెడల్పైన టెయిల్‌కి చివర్లో కొంచెం వీ ఆకారం ఇస్తే దాని మొండితనం చాలా తగ్గుతుంది. పూర్తి చదును అడుగు కూడా మెత్తటి అలల్లో బాగా పోతుంది, గాలికి నీళ్ళు అలజడిగా ఉన్నప్పుడు మాత్రం దడదడలాడుతుంది.

టెయిల్ ఆకారం నిజంగా అంత తేడా చేస్తుందా?

చేస్తుంది, కానీ పేర్లు విని ఊహించుకునేంత కాదు. టెయిల్ వెడల్పు ముందు, చివర కోత తర్వాత. 12 అంగుళాల దగ్గర 15.5 అంగుళాల వెడల్పున్న స్క్వాష్‌కీ, అంతే వెడల్పున్న స్వాలోకీ (ఈ ఆకారాలేంటో తర్వాతి ప్రశ్నలో చెప్తాను) మధ్య తేడా కొద్దిగానే ఉంటుంది. 14 అంగుళాల స్క్వాష్‌కీ 16 అంగుళాల స్క్వాష్‌కీ మధ్య మాత్రం బోలెడంత.

వెడల్పు టెయిల్ కింద నీళ్ళు ఎక్కువ ఆనుతాయి, వెనక భాగం మునగదు, అల నెమ్మదించిన చోట కూడా బోర్డు పోతూనే ఉంటుంది. అలాంటి టెయిల్‌ని ఒరిగించడం కష్టం కాబట్టి ఆ కష్టం తగ్గించడానికే రకరకాల కోతలు పుట్టాయి.

స్క్వాష్, స్వాలో, ఫిష్ – చిన్న అలలకి ఏది?

స్క్వాష్ అంటే చతురస్రపు టెయిల్ మూలలు గుండ్రం చేసింది. వెడల్పు పోదు, మూలల దగ్గర నీళ్ళు తెగుతాయి కాబట్టి చటుక్కున తిరుగుతుంది, ఎక్కడా ఆశ్చర్యపెట్టదు. ఏది తీసుకోవాలో తెలియనివాళ్ళు దీన్నే తీసుకోండి.

స్వాలోలో మధ్యలో వీ ఆకారంలో కోసేస్తారు, రెండు కొనలు మిగులుతాయి. టెయిల్ వెడల్పుగానే ఉంటుంది, కానీ ఒక పక్కకి ఒరిగినప్పుడు నీళ్ళలో ఉండేది ఆ పక్క కొన ఒక్కటే, అది మొనదేలిన సన్న పిన్ టెయిల్‌లా పట్టు ఇస్తుంది. నేరుగా పోయేటప్పుడు వెడల్పు వల్ల వేగం, ఒరిగినప్పుడు పట్టు, రెండూ దొరుకుతాయి. పొట్టి బోర్డుకి ఇది బాగా కుదురుతుంది, ఎందుకంటే రైల్ గీత చివరిదాకా సాగుతుంది, బోర్డు పొట్టిదైనా అంచు పొడవు తగ్గదు. ఒక టర్న్ నుంచి ఇంకో టర్న్‌కి మారేటప్పుడు ఒక కొన వదిలి ఇంకో కొన పట్టుకునే ఆ క్షణం మొదట్లో కొత్తగా అనిపిస్తుంది, తర్వాత అలవాటవుతుంది.

ఫిష్ అంటే టెయిల్ పేరు ఒక్కటే కాదు, మొత్తం బోర్డు డిజైన్. 1967లో కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో స్టీవ్ లిస్ దీన్ని మోకాళ్ళ మీద కూర్చుని సర్ఫ్ చేసే నీబోర్డుగా తయారుచేశాడు: పొట్టిగా, వెడల్పుగా, చదునుగా, లోతైన చీలికతో, రెండు పొడవాటి కీల్ ఫిన్లతో (బోర్డు వెంబడి పొడవుగా ఆనే ఫిన్లతో). ఆ తర్వాత నిలబడి సర్ఫ్ చేసేవాళ్ళూ అందుకున్నారు. 1972లో అదే శాన్ డియాగోలో చిన్న అలల్లో జరిగిన ప్రపంచ పోటీల్లో జిమ్మీ బ్లేర్స్ ఫిష్ మీదే గెలిచాడు. మంచి ఫిష్ మీద మెత్తటి అలలో వచ్చే పరుగు ఇంకే బోర్డూ ఇవ్వదని నా నమ్మకం. పొడవైన, సాగిన మలుపులు ఇష్టపడేవాళ్ళకి ఇది తగినది. అల పైకి నిటారుగా వెళ్ళి టెయిల్‌ని కొట్టి తిప్పాలనుకునేవాళ్ళు సన్నపాటి స్వాలో గానీ స్క్వాష్ గానీ తీసుకోవడం మంచిది.

రౌండ్ టెయిల్, పిన్ టెయిల్ చిన్న అలల్లో పనికిరావా?

పిన్ పనికిరాదు. అది పెద్ద, వేగమైన అలల్లో జారిపోకుండా పట్టుకోవడానికి చేసింది, మెత్తటి అలలో మునిగిపోతుంది. రౌండ్ టెయిల్ని అలా కొట్టిపారేయలేం. 15 అంగుళాలకి తగ్గకుండా వెడల్పుంటే నడుము ఎత్తు అలల్లో అందంగా తిరుగుతుంది, మలుపు మధ్యలో తెగకుండా సాగుతుంది. రోజూ వేగం కోసం కష్టపడాల్సి వచ్చే అలలైతే మాత్రం వద్దు.

డైమండ్, బ్యాట్, మూన్ టెయిల్స్?

డైమండ్‌ని స్క్వాష్‌కీ రౌండ్‌కీ మధ్యలో అనుకోండి. బ్యాట్ (గబ్బిలం రెక్కల్లా ఉండేది) స్వాలోకి దగ్గర. మూన్ అంటే చంద్రవంకలా లోపలికి గుండ్రంగా కోసింది, రెండు కొనలున్నా చీలిక లోతు తక్కువ. వీటిలో ఏదీ చెడ్డది కాదు, వెడల్పు, రాకర్ సరిగ్గా ఉంటే ఏదైనా బాగానే పోతుంది.

ఫిన్ల ముందు అంచు మీద మెట్టులా ఉండే రెక్కలు దేనికి?

వింగ్ అంటారు, బంప్ అని కూడా అంటారు. అక్కడిదాకా వెడల్పుగా వచ్చిన రైల్ని ఒక్కసారిగా లోపలికి లాగడానికి అవి. కాళ్ళ కింద వెడల్పు ఉంటుంది, చివర మాత్రం సన్నబడుతుంది, ఆ మెట్టు దగ్గర బోర్డు తిరుగుతుంది. వెడల్పు బోర్డు కావాలి, కానీ టెయిల్ మొండిగా ఉండకూడదు అనుకునేవాళ్ళకి రెక్కలున్న స్వాలో మంచి దారి.

ఫిన్లు ఎన్ని ఉండాలి?

ట్విన్, అంటే రెండు ఫిన్లు, అన్నిటికన్నా స్వేచ్ఛగా, వేగంగా పోతాయి, మధ్యలో లాగే ఫిన్ ఉండదు కాబట్టి. మార్క్ రిచర్డ్స్ 1979 నుంచి 1982 దాకా వరసగా నాలుగు ప్రపంచ టైటిళ్ళు ఎక్కువగా ట్విన్ ఫిన్ బోర్డులతోనే సాధించాడు. నిలువు అలలో గట్టిగా తిప్పితే ట్విన్ జారుతుంది, ఆ ఇబ్బంది భరించలేకే సైమన్ ఆండర్సన్ మూడు ఫిన్ల థ్రస్టర్ తెచ్చి 1981లో ఆస్ట్రేలియాలోని బెల్స్ బీచ్ పోటీ గెలిచాడు. అప్పటి నుంచి అదే ప్రమాణమైపోయింది. చిన్న అలల్లో థ్రస్టర్‌ని మీరు పంప్ చేస్తూ (కాళ్ళతో పైకీ కిందకీ నొక్కుతూ) వేగం పుట్టించాలి, ఆ అలవాటు ఉంటే ఏ బాధా లేదు. క్వాడ్, అంటే నాలుగు, వెడల్పు టెయిల్‌కి చక్కగా కుదురుతుంది. ఫిన్లు అంచులకి దగ్గరగా ఉండటం వల్ల వేగమూ ఉంటుంది, పట్టూ ఉంటుంది.

కొత్త బోర్డు చేయించుకుంటుంటే ఐదు ఫిన్ బాక్సులు (ఫిన్లు బిగించే గాళ్ళు) పెట్టించుకోండి, థ్రస్టర్, క్వాడ్ రెండూ వేసి చూడొచ్చు. ఎఫ్‌సీఎస్, ఫ్యూచర్స్ అని రెండు కంపెనీల పద్ధతులున్నాయి, ఎఫ్‌సీఎస్ బాక్సుల్లో ఫ్యూచర్స్ ఫిన్లు పట్టవని గుర్తుంచుకోండి.

మినీ సిమ్మన్స్ అంటే?

బాబ్ సిమ్మన్స్ 1940ల్లో, 50ల మొదట్లో కాలిఫోర్నియాలో వేగంగా జారే పడవల శాస్త్రాన్ని సర్ఫ్‌బోర్డుల్లోకి తెచ్చినవాడు. 1954లో సముద్రంలోనే చనిపోయాడు. ఆయన ఆలోచనల్ని ఐదడుగుల బోర్డులోకి కుదించిందే మినీ సిమ్మన్స్. గుండ్రటి వెడల్పు నోస్, దాదాపు సూటిగా ఉండే అంచులు, చాలా వెడల్పైన టెయిల్, చివర్లలో రెండు ఫిన్లు. మోకాలి ఎత్తు అలలో కూడా పరుగెడుతుంది. నడుము దాటితే అదుపు తప్పుతుంది, అందుకని ఇది రెండో బోర్డుగానే బాగుంటుంది.

ఇంత ఆలోచించే బదులు లాంగ్‌బోర్డు తీసుకుంటే సరిపోదా?

మోకాలి ఎత్తు కన్నా తక్కువ అలలే రోజూ ఉంటే లాంగ్‌బోర్డే సరైన జవాబు. తొమ్మిదడుగుల బోర్డు పట్టే అలని పొట్టి బోర్డు ఏదీ పట్టలేదు. దాని కదలికలో ఉన్న హుందాతనం వేరు, నోస్ దాకా నడిచి వెళ్ళడం నేర్చుకుంటే అదో లోకం. పొట్టి బోర్డు మీద గట్టి మలుపులే కావాలనుకునేవాళ్ళకి మాత్రం ఫిష్, గ్రోవెలర్ లాంటివి కావాలి. గ్రోవెలర్ అంటే షార్ట్‌బోర్డునే పొట్టిగా, వెడల్పుగా, చదునుగా చేసింది, సాధారణంగా మూడు ఫిన్లతో వస్తుంది.

ఇప్పుడే నేర్చుకుంటున్నాను, ఫిష్ కొనొచ్చా?

నురగ అలల్లో కాకుండా విరగని అలని సొంతంగా పట్టుకుని, దాని వాలు వెంబడి పక్కకి వెళ్ళగలుగుతున్నారా? అయితే 6 అడుగుల 4 అంగుళాలు, ఆపైన ఉన్న నిండైన ఫిష్ తీసుకోవచ్చు. ఇంకా అక్కడికి రాలేదంటే ఎనిమిదడుగుల సాఫ్ట్ బోర్డు మీదే ఇంకొన్నాళ్ళు ఉండండి. పొట్టి బోర్డుకి తొందరపడి మారితే రోజుకి పట్టే అలల సంఖ్య పడిపోతుంది. నేర్పేది అలలే కాబట్టి నేర్చుకోవడం కూడా అక్కడే ఆగిపోతుంది. ఎవరో ఏదో అనుకుంటారని టెన్షన్ పడొద్దు.

ఈపీఎస్ ఎపాక్సీనా, పీయూనా?

ఇవి బోర్డు లోపలి ఫోమ్‌లో రెండు రకాలు: ఈపీఎస్ అంటే పాలిస్టైరీన్ ఫోమ్ (పైన ఎపాక్సీ రెసిన్ పూత), పీయూ అంటే పాలీయురెథేన్ ఫోమ్. చిన్న అలలకి ఈపీఎస్ వైపు మొగ్గుతాను. తేలిక, తేలుడు ఎక్కువ, చటుక్కున స్పందిస్తుంది. గాలికి నీళ్ళు చెదిరినప్పుడు మాత్రం పైకి ఎగిరెగిరి పడుతుంది, అలాంటి చోట పీయూ బరువు నిలకడగా ఉంటుంది. ఈపీఎస్‌కి పగులు వస్తే ఫోమ్ నీళ్ళు పీల్చే ప్రమాదం ఎక్కువ, కాబట్టి చిన్న చీలిక కనిపించినా బాగుచేయించేదాకా నీళ్ళలోకి దించకండి.

పాత బోర్డు కొంటున్నాను, ఏం చూడాలి?

వాక్స్ (పాదాలు జారకుండా పైన రాసే మైనం) తీయించి చూడండి, పగుళ్ళన్నీ దాని కిందే ఉంటాయి. ఫిన్ బాక్సుల చుట్టూ సన్నటి గీతలు, టెయిల్ కొనలు, స్వాలో అయితే చీలిక లోపలి మూల, ఈ మూడు చోట్ల దెబ్బలు దాక్కుంటాయి. చీలిక మూల దగ్గర గోధుమరంగు మచ్చ ఉంటే నీళ్ళు లోపలికి వెళ్ళాయని అర్థం. వెనక పాదం పెట్టే చోట బొటనవేలితో నొక్కండి, మెత్తగా దిగిపోతే పైపొర ఫోమ్ నుంచి విడిపోయింది, ఆ బోర్డు వదిలేయండి. మడమల గుంటలు మాత్రం మామూలే.

బోర్డు వేగంగానే ఉంది, కానీ తిరగట్లేదు. మార్చేయాలా?

ముందు వెనక పాదం ఎక్కడుందో చూసుకోండి. వెడల్పు టెయిల్ బోర్డు మీద పాదం ఫిన్లకి పైన, టెయిల్ ప్యాడ్ (వెనక పాదం జారకుండా అతికించే మెత్త) చివరికి ఆనుకుని ఉండాలి, నాలుగు అంగుళాలు ముందుంటే ఎంత తొక్కినా తిరగదు. పాదం సరిగ్గానే ఉంటే ఫిన్లు మార్చండి. థ్రస్టర్ అయితే వెనక ఫిన్‌ని చిన్నది పెట్టండి, క్వాడ్ అయితే వెనక రెండూ చిన్నవి పెట్టండి, కీల్ ఫిన్లయితే నిటారుగా ఉండే ట్విన్ ఫిన్లు బాక్సులో పడతాయేమో చూడండి. దీనికి పూర్తి వ్యతిరేకంగా టెయిల్ జారిపోతుంటే ట్విన్ మధ్యలో చిన్న ట్రెయిలర్ ఫిన్ పెడితే చాలు, వెనక ఒక బాక్సు ఉండాలంతే. ఒక్కసారికి ఒక్కటే మార్చండి, అదే రోజు అవే అలల్లో పాత ఫిన్లతో కొన్ని అలలు, కొత్త ఫిన్లతో కొన్ని పట్టి చూడండి. ఇవన్నీ చేసినా మొండికేస్తే అప్పుడు కర్ర పెట్టి టెయిల్ రాకర్ కొలవండి. అంగుళంన్నర కన్నా తక్కువ ఉంటే ఆ బోర్డు నేరుగా పరుగెత్తడానికి చేసింది, దాన్ని మోకాలి ఎత్తు రోజులకి ఉంచుకుని, నడుము ఎత్తు రోజులకి టెయిల్ కాస్త సన్నగా, వంపుగా ఉన్నది ఇంకోటి చూసుకోండి.